ప్యాసింజర్ బండి ఎవరికి నష్టం?

మా ఊరు గుంటూరు-గుంతకల్లు లైను మీద ఉంది. పెద్ద స్టేషనేం కాదు. ఒక ప్లాట్‌ఫారం, ఒక వేపచెట్టు, ఒక టికెట్ కిటికీ. పొద్దున ప్యాసింజర్ కూత విని గడియారం సరిచేసుకునేవాళ్ళమని గొప్పగా రాయాలని ఉంది గానీ, అది అబద్ధమవుతుంది. ఆ బండి ఏనాడూ టైముకు రాలేదు. అయినా వచ్చేది. కూరగాయల గంపలతో ఆడవాళ్ళు, పాలక్యాన్లవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళు, కోర్టు వాయిదాకు పోయే రైతులు, అందరం దాని కోసమే కాచుకునేవాళ్ళం. మీటర్ గేజ్ రోజుల నుంచీ ఇదే తంతు. పది రూపాయలు పెడితే పక్క టౌనులో దిగేవాళ్ళం.

2020 మార్చిలో కరోనా పేరుతో బళ్ళన్నీ ఆగిపోయాయి. అది తప్పని పరిస్థితి, అందులో మాకు పేచీ లేదు. నెలల తర్వాత బళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ పట్టాలెక్కాయి. అవే పెట్టెలు, అవే చెక్క బల్లలు, అదే నడక. పేరు మాత్రం మారింది. ప్యాసింజర్ కాస్తా 'ఎక్స్‌ప్రెస్ స్పెషల్' అయింది. పేరు మారగానే కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 రూపాయలకు ఎక్కింది. కొన్ని చిన్న స్టేషన్లలో ఆగడమూ మానేశాయి. దేశమంతా ఇదే కథ. నాలుగేళ్ళు అట్లాగే వసూలు చేసి, 2024 ఫిబ్రవరి ఆఖర్లో, లోక్‌సభ ఎన్నికల ముందు, మళ్ళీ పాత పది రూపాయలకు తెచ్చారు. అది కూడా అన్ని బళ్ళకూ కాదు. 200 కిలోమీటర్లు దాటి నడిచే ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్‌లుగా మార్చాలని 2020లోనే నిర్ణయం చేశారు. అట్లా మారినవి ఎక్స్‌ప్రెస్ రేటుతోనే తిరుగుతున్నాయి.

ఈ నాలుగేళ్ళలో ఏం జరిగిందో మా ఊళ్ళో వంకాయలు అమ్ముకునే ఒక చెల్లెమ్మ మాకంటే బాగా చెప్పింది. "ఏమన్నా, రైలెక్కితే ముప్పై, ఆటో ఎక్కితే నలభై. ఆటోవాడు ఇంటి ముందరే ఎక్కిచ్చుకుంటాడు, మార్కెట్టు ముందరే దించుతాడు. పది రూపాయలకు ఆశపడి స్టేషన్ దాకా గంప మోసుకొని యాడ పోయేది?" టికెట్ మళ్ళీ పదికి దిగినా ఆమె తిరిగి రైలెక్కలేదు. అలవాటు తప్పింది. జనం ఎక్కడంలేదు కాబట్టి ఈ బండి దండగ అని రేపు ఎవరో పెద్దాయన ఢిల్లీలో కాగితం మీద రాస్తాడు. ముందు ఎక్కనియ్యకుండా చేసి, తర్వాత ఎక్కడంలేదని రాయడం మనకు కొత్తేం కాదు. ఊరి బడులు మూసేటప్పుడూ ఇదే పద్ధతి చూశాం.

రైళ్ళ గురించి రైతు సంఘం పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. రైలెక్కేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ, అది ఒక కారణం. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా మిరపకాయ కోతలకు గుంటూరు జిల్లాకు పోయే కూలీలు, శ్రీకాకుళం నుంచి మద్రాసుకు, హైదరాబాదుకు వలసపోయే యువకులు, పాలమూరు కూలీలు, వీళ్ళంతా ఎవరు? సన్నకారు రైతులూ, వాళ్ళ బిడ్డలే. రెండో కారణం, రైల్వేకు డబ్బు ఎట్లా వస్తోంది, ఎవరి మీద ఖర్చవుతోంది అనే లెక్క మన పంట లెక్కకు చాలా దగ్గరగా ఉంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ కిందట రైలు టికెట్ మీద ఒక ముక్క అచ్చువేయడం మొదలుపెట్టారు. మీ ప్రయాణానికి అయ్యే ఖర్చులో సగటున 57 శాతమే రైల్వే వసూలు చేస్తోంది అని. అంటే మిగతాది మీకు దానం చేస్తున్నాం, గుర్తుపెట్టుకోండి అని. తర్వాత రైల్వే మంత్రి పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం ప్రయాణికుడికి సగటున 46 శాతం రాయితీ ఇచ్చారు. 2022-23లో ఆ మొత్తం 56,993 కోట్లు. పెద్ద సంఖ్యే. వినగానే మనకే సిగ్గేస్తుంది, దేశం మీద ఇంత భారం వేస్తున్నామా అని.

కానీ రైతుకు ఖర్చు లెక్కలు తెలుసు. ఒక బోరు, ఒక మోటారు ఉంది. దాని కింద మిరప ఉంది, పక్కన జొన్న ఉంది. బోరు ఖర్చు ఏ పంట మీద ఎంత రాస్తావో దాన్ని బట్టి ఏది లాభం, ఏది నష్టం అనేది తేలుతుంది. బోరు ఖర్చంతా జొన్న మీద రాస్తే జొన్న వేసినవాడు పిచ్చివాడిలాగా కనపడతాడు. రైలు పట్టా కూడా బోరు లాంటిదే. ఒకే పట్టా మీద బొగ్గు బండి పోతుంది, రాజధాని ఎక్స్‌ప్రెస్ పోతుంది, మన ప్యాసింజర్ పోతుంది. పట్టా ఖర్చు, సిగ్నల్ ఖర్చు, స్టేషన్ ఖర్చు, సిబ్బంది జీతాలు ఒక సూత్రం ప్రకారం పంచి ప్రయాణికుల పద్దు కింద ఇంత, సరుకుల పద్దు కింద ఇంత అని రాస్తారు. పైగా రిటైరైన రైల్వే ఉద్యోగుల పింఛన్లు రైల్వే తన ఆదాయంలో నుంచే కట్టుకోవాలి. మిగతా కేంద్ర శాఖలకు ఈ బాధ లేదు, వాటి పింఛన్లు ఖజానా కడుతుంది.

ఇక్కడే మాకు మద్దతు ధర గుర్తుకొస్తుంది. మన పంటకు ఖర్చు లెక్కగట్టేటప్పుడు కేంద్రం ఏ2+ఎఫ్ఎల్ పద్ధతి పడుతుంది. చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది కష్టం, అంతే. సొంత భూమికి కౌలు, పెట్టుబడికి వడ్డీ కలిపే సి2 లెక్క తీసుకోండి, స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు దాని మీద యాభై శాతం కలపండి అంటే చెవిన పెట్టరు. అదే ప్యాసింజర్ రైలుకు ఖర్చు లెక్కగట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక్క మేకు కూడా వదలకుండా సి2 కంటే ఎక్కువ పద్ధతిగా కలుపుతారు. అమ్మేవాడికి ఒక లెక్క, ఎక్కేవాడికి ఒక లెక్క. రెండు చోట్లా నష్టపోయేవాడు ఒకడే.

ప్రయాణికుల పద్దులో నష్టమే లేదని మేం అనడంలేదు. ఉంది. దశాబ్దాలుగా టికెట్ ధరలు పెద్దగా పెరగలేదు, జీతాలు, కరెంటు, ఇనుము అన్నీ పెరిగాయి. ఆ నష్టాన్ని ఎవరు పూడుస్తున్నారన్నదే ప్రశ్న. రైల్వే రవాణా ఆదాయంలో మూడింట రెండు వంతుల దాకా సరుకు బళ్ళ నుంచే వస్తుంది. ఆ సరుకులో సగం దాకా బొగ్గే. సిమెంటు, ఇనుము, ఎరువులు, ధాన్యం తర్వాత. సరుకు మీద ఎక్కువ కిరాయి వేసి, ఆ మిగులుతో ప్రయాణికుల నష్టం పూడ్చుకుంటున్నారని కాగ్ ఏటేటా రాస్తూనే ఉంది. అంటే ఖజానా కాదు, బొగ్గు బండి మన టికెట్‌కు డబ్బు కడుతోంది. బొగ్గు కిరాయి కరెంటు బిల్లులోకి వస్తుంది, సిమెంటు కిరాయి మన ఇంటి గోడలోకి వస్తుంది. ఒక జేబులో వేసినట్టు చూపి ఇంకో జేబులో నుంచి తీసుకున్నది మన డబ్బే. దీన్ని 'రాయితీ' అంటూ టికెట్ మీద అచ్చువేసి మనకే చూపిస్తున్నారు.

ఇందులో ఇంకో దెబ్బ కూడా ఉంది. సరుకు కిరాయి ఎక్కువైన కొద్దీ సరుకు లారీలెక్కింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకులో సింహభాగం రైలు మీదే పోయేది. ఇప్పుడు అది మూడో వంతుకు కూడా తక్కువ. 2030 నాటికి 45 శాతానికి తెస్తామని జాతీయ రైలు ప్రణాళికలో రాసుకున్నారు. కిరాయిల భారం తగ్గించకుండా ఎట్లా తెస్తారో చెప్పలేదు. అనంతపురం రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయల్దేరినప్పుడు ఎంత హడావుడి చేశారు! పండ్లు, కూరగాయలకు కిరాయిలో సగం సబ్సిడీ. సబ్సిడీ ఉన్నన్నాళ్ళు చీనీ, మామిడి, అరటి రైలెక్కాయి. ఆ తర్వాత మనవాళ్ళలో చాలామంది మళ్ళీ లారీ బ్రోకర్ దగ్గరికే పోయారు. పథకం చెడ్డదని కాదు. నిలకడగా డబ్బు పెట్టేవాడు లేకపోతే మంచి బండి కూడా ఫొటో తీయించుకుని షెడ్డుకు పోతుంది.

రైల్వేకు ఒకప్పుడు సొంత బడ్జెట్ ఉండేది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, ఆక్‌వర్త్ కమిటీ చెప్పిన మీదట, 1924లో విడదీశారు. 2017లో దాన్ని ఎత్తేసి సాధారణ బడ్జెట్‌లో కలిపేశారు. అప్పటిదాకా ఫిబ్రవరి నెలలో రైల్వే మంత్రి గంటన్నర మాట్లాడుతుంటే మన జిల్లాకు కొత్త బండి వచ్చిందా, ఏ స్టేషన్‌లో హాల్టు ఇచ్చారు అని టీకొట్ల దగ్గర రేడియోలు, టీవీలు చూసేవాళ్ళం. అందులో ఉత్తుత్తి వాగ్దానాలు బోలెడు ఉండేవి, నిజమే. కానీ ఏ లైనుకు ఎంత అన్నది నలుగురి నోళ్ళలో నానేది. ఇప్పుడు ఆర్థిక మంత్రి ప్రసంగంలో రైల్వేకు ఒకటి రెండు వాక్యాలు. చెప్పేది మొత్తం అంకె. 2024-25లో 2.52 లక్షల కోట్లు, 2025-26లోనూ అంతే. పదేళ్ళ కిందటితో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. కాదనం. ఆ డబ్బుతో కరెంటు లైన్లు వేశారు, డబ్లింగ్ చేస్తున్నారు. మా గుంటూరు-గుంతకల్లు లైనులోనూ రెండో పట్టా పడుతోంది, సంతోషమే.

మా ప్రశ్న వేరే. పట్టా వేయడానికి డబ్బుంది. ఆ పట్టా మీద మామూలు జనం ఎక్కే బండి నడపడానికి ఏ పద్దు కింద డబ్బుంది? లేదు. అది నష్టం పద్దు. నష్టం పద్దులో ఉన్నదాన్ని ఏ అధికారీ ప్రేమించడు. ఒక్క లైనుంటే ఎదురు బండి కోసం ఆపేది ప్యాసింజర్‌నే. వెనక నుంచి సూపర్‌ఫాస్ట్ వస్తే లూప్ లైనులోకి తోసేది ప్యాసింజర్‌నే. గూడ్సు బండి అర్జంటు అంటే ఆగేది ప్యాసింజరే. కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది ఇంకో రకంగా చెప్పక్కర్లేదు. ప్యాసింజర్ బండి ఆయకట్టు చివరి చేను. పైవాళ్ళందరూ తడుపుకున్నాక మిగిలితే దానికి నీళ్ళు. చివరి చేనులో పంట తక్కువొచ్చింది కాబట్టి ఆ భూమే మంచిది కాదని ఎవరన్నా అంటే మనం ఊరుకుంటామా?

పై చేలు ఏవో కూడా చూద్దాం. 2019లో వందేభారత్ మొదలైంది. 2023 సంక్రాంతి రోజున సికింద్రాబాద్-విశాఖ మధ్య మొదటిది మన రాష్ట్రాలకు వచ్చింది, ఏప్రిల్‌లో తిరుపతికి ఇంకొకటి. మంచి బండే, శుభ్రంగా ఉంటుంది, టైముకు పోతుంది. విశాఖకు కుర్చీ టికెట్ 1,600 రూపాయల పైమాటే. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కనీ, మాకేం కళ్ళమంట లేదు. కానీ దానికి దారి వదలడానికి ఎన్ని చిన్న బళ్ళు ఎన్ని నిమిషాలు కాచుకుంటున్నాయో కూడా లెక్క రాయాలి కదా. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు 508 కిలోమీటర్లకు మొదట వేసిన అంచనాయే 1.08 లక్షల కోట్లు. దాని కోసం పాల్‌ఘర్‌లో, సూరత్ పక్కన భూములు పోతున్న రైతులు ఎంత కొట్లాడారో మన పత్రికలో చదివే ఉంటారు. అదే 2020లో వృద్ధుల రాయితీ ఎత్తేశారు. అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్ళకు 50 శాతం ఉండేది. కరోనా పోయి ఇన్నేళ్ళయినా తిరిగి ఇవ్వలేదు.

చాలామంది మిత్రులకు తెలియని మాట ఒకటి చెబుతాం. రైతులకు కూడా రైల్వేలో రాయితీ ఉండేది. వ్యవసాయ ప్రదర్శనలకు పోయే రైతుకు టికెట్‌లో 25 శాతం. మెరుగైన సేద్యమో, పాడో నేర్చుకోవడానికి జాతీయ సంస్థలకు పోయే రైతులకు, పాల ఉత్పత్తిదారులకు 50 శాతం. వాడుకున్నవాళ్ళు తక్కువే, ఎందుకంటే చెప్పినవాళ్ళే లేరు. 2020 మార్చిలో విద్యార్థులు, రోగులు, వికలాంగులకు తప్ప మిగతా అందరికీ రాయితీలు ఆపినప్పుడు ఇది కూడా పోయింది. పోయిందని కూడా మనకు తెలియలేదు.

డబ్బు ఎక్కడ తక్కువైతే ఏమవుతుందో 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర చూశాం. విశాఖ-పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ-రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది చనిపోయారు. రెండూ ప్యాసింజర్లే. ఢీకొట్టకుండా ఆపే 'కవచ్' పరికరం అప్పటికి మన దక్షిణ మధ్య రైల్వేలో కొన్ని లైన్లలో పెట్టారు, ఆ లైనులో లేదు. భద్రత కోసం 2017లో ఐదేళ్ళకు లక్ష కోట్ల నిధి పెట్టారు. అందులో రైల్వే తన ఆదాయంలో నుంచి ఏటా 5,000 కోట్లు వేయాలి. ఆ వాటాలో చాలా భాగం వేయలేకపోయిందని కాగ్ 2022లో తప్పుపట్టింది. ఎందుకు వేయలేకపోయింది? సంపాదించినదంతా ఖర్చుకే సరిపోతోంది కాబట్టి. సబ్సిడీ భారాన్ని ఖజానా మోయకుండా రైల్వే నెత్తిన పెడితే, చివరికి కోత పడేది ఇట్లాంటి చోటే.

పోటీ సంగతికి వద్దాం. రైలుకు పోటీ ఎవరు? విమానం కాదు, మనకు సంబంధించినంత వరకు బస్సు, ఆటో. రోడ్డు వేసేది ప్రభుత్వ డబ్బుతో. పల్లె రోడ్డు మీద ఎంత లాభం వచ్చిందని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. రైలు మాత్రం పట్టా ఖర్చు సైతం టికెట్‌లో నుంచే రాబట్టుకోవాలంటారు. ఇది సమానమైన పోటీయా?

సిద్దిపేట లైను చూడండి. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి 151 కిలోమీటర్లు, 2016 ఆగస్టులో శంకుస్థాపన అయింది. ఖర్చులో మూడో వంతు తెలంగాణ ప్రభుత్వం పెట్టాలి. భూమి ఉచితంగా ఇవ్వాలి. పైగా బండి నడిచిన మొదటి ఐదేళ్ళ నష్టాన్ని కూడా రాష్ట్రమే భరించాలి. అట్లా ఒప్పుకుంటేనే లైను. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు మొదటి బండి వచ్చింది. టికెట్ బస్సు ఛార్జీలో సగం కూడా లేదు, కానీ చుట్టుతిరుగుడు కాబట్టి బస్సు కంటే ఆలస్యం. రెండు నెలలు తిరగ్గానే, డిసెంబరు 9న, తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న అదే వచ్చింది. ఉచిత బస్సు మంచిదే, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు దాన్ని బాగా వాడుకుంటున్నారు, వాళ్ళ ముందు దీనికి వ్యతిరేకంగా మాట్లాడే ధైర్యం మాకు లేదు. మేం చెప్పేది ఏమంటే, ఆర్టీసీకి ఆ ఉచితం డబ్బు రాష్ట్ర ప్రభుత్వం కట్టాలి. కడుతోందా, ఆలస్యంగా కడుతోందా అనేది వేరే కొట్లాట. కట్టాల్సింది ఎవరో స్పష్టంగా ఉంది. ప్యాసింజర్ రైలుకు అట్లా కట్టాల్సినవాడి పేరే లేదు.

కోనసీమ మిత్రులకు ఇంకా పాత గాయం ఉంది. కోటిపల్లి-నర్సాపురం లైను, 57 కిలోమీటర్లు, మూడు గోదావరి పాయల మీద వంతెనలు. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉండగా మంజూరైంది. ఆయన 2002లో పోయారు. లైను ఇంకా పూర్తికాలేదు. రాష్ట్రం నాలుగో వంతు కట్టాలని కేంద్రం, కేంద్రమే మొత్తం పెట్టుకోవాలని రాష్ట్రం. ఒక తరం కొబ్బరి రైతులు రైలు వస్తుందనుకుంటూనే ముసలివాళ్ళయ్యారు. బుల్లెట్ రైలుకు లేని పేచీ ఈ 57 కిలోమీటర్లకు ఎందుకొచ్చిందో మాకు అర్థం కాలేదు.

ప్రైవేటువాళ్ళకిస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట కూడా నడుస్తోంది. 2020 జులైలో 151 ప్రైవేటు రైళ్ళకు పిలిచారు, సికింద్రాబాద్ కూడా అందులో ఉంది. 30 వేల కోట్ల పెట్టుబడి వస్తుందన్నారు. జనం కిటకిటలాడే దారులు ఎంచి ఇస్తామన్నా ఆశించినంత మంది రాలేదు. లాభమున్న దారికే రానివాళ్ళు మన ఊరి హాల్టుకు వస్తారా? 2021లో తెచ్చిన ఆస్తుల అమ్మకం పథకంలో 400 స్టేషన్లు, 90 ప్యాసింజర్ రైళ్ళు, 265 గూడ్స్ షెడ్లు రాసుకున్నారు. అమ్మకం కాదు, లీజు అంటారు. కౌలుకిచ్చిన పొలం ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. బ్రిటన్‌లో రైళ్ళు తొంభైలలో ప్రైవేటువాళ్ళకిచ్చారు, ఇప్పుడు 2024లో చట్టం చేసి ఒక్కొక్క కంపెనీ నుంచి వెనక్కి తీసుకుంటున్నారు. జపాన్‌లో 1987లో విడగొట్టి ప్రైవేటుకిచ్చాక పెద్ద నగరాల లైన్లు బాగుపడ్డాయి, ఉత్తరాన హొక్కైడో పల్లెల లైన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. జర్మనీలో ఊరూరూ తిరిగే బళ్ళకు ఏ బండి, రోజుకు ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ ఆగాలి అని రాష్ట్రాలే ఒప్పందం రాసి, కేంద్రం ఇచ్చే డబ్బుతో కడతాయి. అక్కడా బళ్ళు ఆలస్యమవుతాయని విన్నాం. కానీ ఎవరు కట్టాలో కాగితం మీద ఉంది.

మేం అడుగుతున్నది కూడా అదే. కేంద్ర బడ్జెట్‌లో మామూలు ప్యాసింజర్ బళ్ళకు విడిగా ఒక పద్దు పెట్టండి. ఆ డబ్బుకు బదులుగా ఏ లైనులో రోజుకు ఎన్ని బళ్ళు, ఏ స్టేషన్లలో ఆగుతాయి, ఎంత ఆలస్యం వరకు ఒప్పుకుంటారు అనేది రాసి ప్రతి స్టేషన్‌లో అంటించండి. అప్పుడు బొగ్గు మీద మోపిన కిరాయి తగ్గించవచ్చు, రైల్వే భద్రత నిధిలో తన వాటా వేసుకోవచ్చు. 2019లో ఆగి ఇప్పుడు ఆగని హాల్టులన్నీ తిరిగి ఇవ్వండి. వృద్ధుల రాయితీ, రైతుల రాయితీ తిరిగి పెట్టండి. దాదాపు 10 వేల నాన్ ఏసీ పెట్టెలు చేస్తామని 2024లో చెప్పారు. అవి ఏ బళ్ళకు వేస్తున్నారో జోన్ల వారీగా చెప్పండి. మిరప కోతల నెలల్లో కూలీలు పోయే దారిలో జనరల్ పెట్టెలు పెంచండి. పండుగలకు స్పెషల్ బళ్ళు వేసేవాళ్ళకు కోతలకు వేయడం చేతకాని పని కాదు.

మనవైపు నుంచి కూడా ఒక మాట. ఇది మాలో కొందరికి నచ్చలేదు, మీటింగులో గట్టిగానే వాదించుకున్నాం. పది రూపాయల టికెట్ ఎల్లకాలం పదే ఉండాలని పట్టుబట్టడం సరికాదని మా అభిప్రాయం. 2025 జులైలో ఛార్జీలు పెంచినప్పుడు మామూలు రెండో తరగతిలో 500 కిలోమీటర్ల దాకా ముట్టుకోలేదు. బాగుంది. కానీ టైముకు వచ్చి, మన ఊళ్ళో ఆగి, కూర్చోవడానికి చోటున్న బండికి పదిహేను అడిగితే ఇవ్వడానికి మనవాళ్ళు వెనకాడరు. రాని బండికి పది రూపాయలైనా, పావలా అయినా ఒకటే. ఇంకో సంగతి, మనలో టికెట్ తీయకుండా ఎక్కేవాళ్ళూ ఉన్నారు. టీసీ రాడులే అని. ప్రతి టికెట్ ఒక సాక్ష్యం, ఈ స్టేషన్‌లో ఇంతమంది ఎక్కారు అని. అది తీయకపోతే మన హాల్టుకు మనమే గొయ్యి తవ్వినట్టు.

వచ్చే నెలలో జిల్లా సంఘాల తరఫున డివిజన్ రైల్వే మేనేజర్లకు, మన ఎంపీలకు అర్జీలు ఇవ్వాలని అనుకున్నాం. దానికి ఊరూరి లెక్క కావాలి. మీ దగ్గరి స్టేషన్ పేరు, 2019లో ఆగిన బళ్ళు, ఇప్పుడు ఆగుతున్న బళ్ళు, అవి కాగితం మీదున్న టైముకు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో ఒక వారం రోజులు నోటుబుక్కులో రాయండి. రాయడానికి కాలేజీ పిల్లలను పెట్టండి, వాళ్ళు రోజూ అక్కడే ఉంటారు. మండల కార్యదర్శులు ఆ కాగితాలు 10వ తేదీలోగా జిల్లా కార్యాలయానికి చేర్చాలి. పాత టైంటేబుల్ పుస్తకాలు ఎవరి అటక మీదైనా ఉంటే దయచేసి పారేయకుండా అవి కూడా తెండి.